92 కిలోల భర్త, 55 కిలోల భార్య, ఒకటే మంచం: కాకినాడ ఇంట్లో పరుపు ఎంపిక, కేస్ స్టడీ

కాకినాడలో మూడో అంతస్తు ఫ్లాట్. ఆయనకి 52 ఏళ్ళు, 92 కిలోలు, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. ఆమెకి 47 ఏళ్ళు, 55 కిలోలు, 5 అడుగుల 1 అంగుళం. ఆయన వెల్లకిలా పడుకుంటారు, తెల్లవారుజామున బోర్లా తిరుగుతారు. ఆమె ఎప్పుడూ ఎడమవైపు ఒత్తిగిలే పడుకుంటారు. ఏసీ వేసవి నెలల్లోనే వేస్తారు, మిగతా ఏడాదంతా ఫ్యాను, తెరిచిన కిటికీ. మంచం కార్పెంటర్ చేత చేయించుకున్న బాక్స్ మంచం, పరుపు కింద సామాన్ల అర. పరుపు ఏడేళ్ళ నాటిది, ఆరు అంగుళాల ఫోమ్, కవరు మీద ఆర్థో అని కుట్టి ఉంది.

ఆయనకి పొద్దున్నే లేవగానే నడుం పట్టేస్తుంది. నలభై నిమిషాలు అటూ ఇటూ తిరిగితేగానీ వదలదు. ఆమెకి ఎడమ భుజం, ఎడమ తుంటి నొప్పి, రాత్రి రెండు మూడు సార్లు మెలకువ. దానికి తోడు నిద్రలో తెలియకుండానే మంచం మధ్యకి, ఆయన వైపుకి దొర్లిపోతున్నారు.

ఎముకల డాక్టరుకి చూపించడం ముందే అయింది. ఎక్స్‌రేలో, రక్త పరీక్షల్లో ఆందోళన పడాల్సిందేమీ లేదని చెప్పారు. ఇలాంటి కేసులో ఈ మెట్టు దాటకుండా పరుపు గురించి మాట్లాడకూడదు. నొప్పి కాలిలోకి లాగుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా, నొప్పితో పాటు జ్వరం వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మూత్రం పట్టు తప్పుతున్నా అది పరుపు మార్చితే పోయేది కాదు. నలభై ఐదు లోపు వయసువాళ్ళకి పొద్దుటి బిగుతు అరగంట దాటి నెలల తరబడి ఉంటే దాన్నీ డాక్టరే తేల్చాలి.

బంధువుల సలహా ఒక్కటే: గట్టి పరుపు కొనండి, వీలైతే నేల మీద పడుకోండి. బజారులో ఐదు అంగుళాల కొబ్బరి పీచు పరుపు ఒకటి చూసి, అడ్వాన్సు ఇవ్వడానికి సిద్ధమైన దశలో వాళ్ళు సలహా కోసం మా దగ్గరికి వచ్చారు, అక్కడ ఈ కేసు మొదలైంది.

ముందు మంచాన్ని చూడాలి

పరుపు గుంట పడిందని అనుకునే ఇళ్ళలో చాలాసార్లు సగం గుంట మంచానిది. రెంటినీ విడదీసి కొలవడానికి మేస్త్రీలు వాడే నూలు దారం, ఒక స్కేలు చాలు. దుప్పటి తీసేసి, పరుపు మీద ఎవరూ లేనప్పుడు, నడుం వచ్చే చోట అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచుకి దారం బిగించి పట్టాలి. దారానికీ పరుపుకీ మధ్య ఎక్కడ ఎంత సందు ఉందో స్కేలుతో చూడాలి. ఆ తర్వాత పరుపుని టైల్స్ నేల మీద వేసి, అదే చోట మళ్ళీ కొలవాలి.

మంచం మీద ఆయన వైపు గుంట 38 మిల్లీమీటర్లు, ఆమె వైపు 15. నేల మీద వేస్తే ఆయన వైపు 22, ఆమె వైపు 9. అంటే ఆయన వైపు 16 మిల్లీమీటర్లు పరుపు తప్పు కాదు. ప్లైవుడ్ ఎత్తి చూస్తే కారణం కనబడింది. 6 మిల్లీమీటర్ల ప్లై, రెండు ముక్కలు, అతుకు సరిగ్గా నడుం కిందకి వచ్చింది. అతుకు కింద ఆధారంగా కొట్టిన సన్నటి చెక్క పట్టీ మేకులు వదులై ఓ చివర కిందకి జారింది. ప్లై పైభాగాన, పరుపు అడుగున నల్లటి బూజు మచ్చలు. సముద్రపు ఊళ్ళో మూసిన పెట్టె మీద పరుపు వేస్తే చెమట తేమ కిందకి దిగి, బయటికి పోయే దారి లేక అక్కడే నిలుస్తుంది.

ఇలాంటి మంచం మీద కొత్త పరుపు వేస్తే అదీ అదే ఆకారంలోకి వంగుతుంది. వారంటీ కూడా అక్కరకు రాదు, ఎందుకంటే చాలా వారంటీ కార్డుల్లో సరైన ఆధారం లేకుండా వాడితే చెల్లదని రాసి ఉంటుంది.

కార్పెంటర్ చేత చేయించిన పని ఇది. పాత ప్లై తీసేసి 18 మిల్లీమీటర్ల ప్లై వేశారు. మంచం పొడవునా మధ్యలో మూడు బై రెండు అంగుళాల చెక్క దూలం పెట్టి, దానికి నేలను తాకే రెండు కాళ్ళు ఇచ్చారు. ప్లైలో ఎనిమిది అంగుళాలకొకటి చొప్పున 25 మిల్లీమీటర్ల రంధ్రాలు కొట్టించి, గాలి ఆడేలా బాక్సు పక్క చెక్కలకీ నాలుగు పెట్టించారు. రంధ్రాల అంచులు గరుకు కాగితంతో రుద్దించడం మరిచిపోకూడదు, లేకపోతే పరుపు కవరు చిరుగుతుంది. ప్లై బదులు పట్టీల మంచమైతే పట్టీకీ పట్టీకీ మధ్య మూడు అంగుళాలకి మించి సందు ఉండకూడదు. అంతకు మించితే ఫోమ్ ఆ సందుల్లోకి దిగి అడుగున గాట్లు పడతాయి.

మంచం బాగుపడ్డాక వెంటనే పరుపు కొనవద్దని చెప్పి, పాత పరుపు మీదే పది రోజులు పడుకోమన్నాం. రెండూ ఒకేసారి మారిస్తే దేని వల్ల ఎంత తేడా వచ్చిందో తెలియదు. ఆ పది రోజుల్లో ఆయన పొద్దుటి బిగుతు నలభై నిమిషాల నుంచి పాతిక నిమిషాలకి దిగింది. ఆమె దొర్లడం కొంత తగ్గింది గానీ భుజం, తుంటి నొప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

పాత పరుపు బరువు చెప్పిన సంగతి

ఫోమ్ నాణ్యతలో ఇంట్లో కొలవగలిగింది డెన్సిటీ. ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో అదే డెన్సిటీ. పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో కొలిచి, మూడింటినీ గుణించి, 61,000తో భాగిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. పరుపు బరువుని ఆ సంఖ్యతో భాగిస్తే డెన్సిటీ.

పాత పరుపు 77 బై 71 బై 6 అంగుళాలు. గుణిస్తే 32,802, భాగిస్తే 0.538. పరుపుని చుట్టి తాడుతో కట్టి, దాన్ని పట్టుకుని బరువు చూసే మిషను ఎక్కి, మనిషి బరువు తీసేస్తే 14.5 కిలోలు. కవరు విప్పి విడిగా తూచితే 2.5. మిగిలిన 12 కిలోలని 0.538తో భాగిస్తే 22. ఆర్థో అని కుట్టిన కవరు లోపల ఉన్నది 22 డెన్సిటీ ఫోమ్. 92 కిలోల మనిషి కింద అది గుంట పడకుండా ఏళ్ళ తరబడి నిలబడదు. ఆర్థోపెడిక్ అనే మాట పరుపు మీద రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక కంపెనీ ఆర్థో ఇంకో కంపెనీ మీడియంకన్నా మెత్తగా ఉండొచ్చు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. డెన్సిటీ ఎక్కువైతే ఫోమ్ ఎక్కువ కాలం ఆకారం నిలుపుకుంటుంది, అంతే. 40 డెన్సిటీలో మెత్తటి ఫోమూ ఉంటుంది, 28 డెన్సిటీలో గట్టి ఫోమూ ఉంటుంది. తక్కువ డెన్సిటీ గట్టి ఫోమ్ షాపులో నొక్కి చూసినప్పుడు బ్రహ్మాండంగా అనిపిస్తుంది, ఏడాది రెండేళ్ళలో నడుం దగ్గర చచ్చుబడుతుంది. అందుకే చేత్తో నొక్కి కొనడం అంత నష్టం ఇంకొకటి లేదు.

పని సులువు కావడానికి మేము పాటించే లెక్క ఇది: 60 కిలోల లోపు మనిషికి అడుగు పొర 32 డెన్సిటీ సరిపోతుంది, 80 దాటితే 40కి తగ్గకూడదు. రోజూ వాడే పెద్దవాళ్ళ పరుపుకి 28 కన్నా తక్కువ అసలు వద్దు.

గట్టిదా, మెత్తదా

కొనే ముందు ఇంట్లో ఉన్న వస్తువులతోనే ఒక పరీక్ష పెట్టాం. ఆయన్ని మూడు రాత్రులు నేల మీద రెండు బొంతల పైన పడుకోమన్నాం. వెల్లకిలా పడుకున్నప్పుడు నడుం కింద అరచెయ్యి దూర్చి చూస్తే ఏ ఆటంకమూ లేకుండా ఇటు నుంచి అటు వెళ్ళిపోయింది. అంటే వీపు పైభాగం, పిరుదులు నేలను ఆనుకున్నాయి గానీ నడుం గాలిలో వేలాడుతోంది, కండరాలు రాత్రంతా దాన్ని మోస్తున్నాయి. మూడో పొద్దుటికి బిగుతు తగ్గకపోగా అరగంటకి పెరిగింది. పాత మెత్తటి గుంటలో చెయ్యి అసలు దూరలేదు. కావలసింది ఈ రెంటికీ మధ్యది: చెయ్యి దూరాలి, కానీ కొంచెం నెట్టితే దూరాలి.

దీర్ఘకాలపు నడుం నొప్పికి అతి గట్టి పరుపు మంచిదన్న నమ్మకాన్ని స్పెయిన్‌లో పరీక్షించి చూశారు. 313 మందిలో కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యస్థంగా గట్టివి ఇచ్చారు, ఏది ఎవరిదో వాళ్ళకి చెప్పలేదు. 90 రోజుల తర్వాత పడుకున్నప్పటి నొప్పి గానీ, రోజువారీ పనుల్లో ఇబ్బంది గానీ మధ్యస్థ పరుపు వాళ్ళకే బాగా తగ్గింది. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఈ ఫలితం తర్వాత కూడా మన దగ్గర బల్ల మీద పడుకోమనే సలహా పోలేదు.

ఆమెకి పరీక్ష వేరు. పాత పరుపు మీద తన వైపు మాత్రం రెండు మెత్తటి బొంతలు మడత పెట్టి, భుజం నుంచి తుంటి దాకా వచ్చేలా వేసుకోమన్నాం. రెండో రాత్రికే భుజం నొప్పితో మెలకువ రావడం తగ్గింది. పక్కకి ఒత్తిగిలినప్పుడు శరీరం బరువంతా భుజం, తుంటి అనే రెండు చిన్న చోట్ల మీద పడుతుంది. ఆ రెండూ లోపలికి దిగడానికి పైన రెండు మూడు అంగుళాల మెత్తటి పొర ఉండాలి, దిగకపోతే నొప్పి. ఆమె చూసి వచ్చిన పీచు పరుపు ఈ విషయంలో ఆమెకి శత్రువే.

సమస్య అక్కడ తేలింది. ఒకే ఫోమ్ మీద 92 కిలోల మనిషి ఎంత దిగుతాడో 55 కిలోల మనిషి అంత దిగదు. ఆయనకి మధ్యస్థంగా ఉన్నది ఆమెకి బల్లలా తగులుతుంది. ఆమెకి హాయిగా ఉన్నదాంట్లో ఆయన కూరుకుపోతారు, ఆ పల్లంలోకి ఆమె దొర్లుతారు. ఇద్దరికీ సగం సగం నచ్చే ఒక్క పరుపు వెతకడం వృథా. అందుకే ఒకే మంచం మీద రెండు సింగిల్ పరుపులు వేయాలని నిర్ణయించాం. ఇద్దరి మధ్య బరువు తేడా పాతిక కిలోలు దాటితే ఇదే మొదట ఆలోచించాల్సిన మార్గం. ఇంకో లాభం, ఇరుకు మెట్ల మీదుగా మూడో అంతస్తుకి ఎక్కించడం తేలిక.

ఏ సరుకు ఎందుకు పక్కకి పోయింది

రబ్బరు పూసిన కొబ్బరి పీచు పరుపు గాలి బాగా ఆడుతుంది, చల్లగా ఉంటుంది, ధర తక్కువ. పీచు ఒకసారి నలిగితే మళ్ళీ పైకి లేవదు. బరువైన మనిషి కింద మూడు నాలుగేళ్ళలో మధ్యన పల్లం, అంచుల దగ్గర ఎత్తు వస్తుంది. అతిథుల గదికి, బరువు తక్కువ ఉన్న పిల్లలకి మంచి సరుకే.

బూరుగు దూది పరుపుని తక్కువగా చూడకూడదు. ఏటా ఎండబెట్టి, రెండు మూడేళ్ళకోసారి ఏకించి మళ్ళీ నింపించే ఓపిక ఉన్న ఇంట్లో అది ఇప్పటికీ బాగుంటుంది. ఏకేవాళ్ళు దొరకడం కష్టమైంది, ఈ ఇంట్లో ఆ ఓపికా లేదు.

మెమరీ ఫోమ్ 1966లో నాసా పని మీద విమాన సీట్ల కోసం తయారైన సరుకు. ఒంటి వేడికి మెత్తబడి శరీరం ఆకారానికి ఒదుగుతుంది. ఒదగడమే ఇక్కడ ఇబ్బంది. ఏసీ లేని కాకినాడ రాత్రిలో అది మరీ మెత్తబడుతుంది, శరీరం చుట్టూ గాలి ఆడదు, వీపు చెమటతో తడుస్తుంది. బరువైన మనిషికి పక్కకి తిరగడమూ శ్రమే. అదే పరుపు 20 డిగ్రీల ఏసీ గదిలో బిగుసుకుని గట్టిగా తగులుతుంది. పైన చల్లటి జెల్ పొర ఉందని చెప్పేవాటిలో ఆ చల్లదనం పడుకున్న కాసేపటికే పోతుంది, జెల్ కూడా ఒంటి వేడికి చేరుకుంటుంది కాబట్టి.

పాకెట్ స్ప్రింగ్ పరుపు ఈ ఇంటికి రెండో స్థానంలో నిలిచింది. ఒక్కో స్ప్రింగు విడి గుడ్డ సంచిలో ఉంటుంది కాబట్టి ఒకరి కదలిక ఇంకొకరికి తెలియదు, లోపల గాలి తిరుగుతుంది. బోనెల్ స్ప్రింగుతో దాన్ని కలపకండి. బోనెల్‌లో స్ప్రింగులన్నీ ఒకదానికొకటి తీగతో ముడిపడి ఉంటాయి, ఒకరు కదిలితే ఇద్దరూ ఊగుతారు. పాకెట్ స్ప్రింగు వద్దనుకోవడానికి కారణం బాక్స్ మంచమే. సామాన్ల కోసం వారానికోసారి పరుపు ఎత్తే ఇంట్లో ఆ బరువు ఇబ్బంది, మడిస్తే స్ప్రింగు వంగుతుంది.

రీబాండెడ్ అంటే ఫోమ్ ఫ్యాక్టరీల తుక్కు ముక్కల్ని జిగురుతో కలిపి అచ్చు పోసింది. బరువు ఎక్కువ, గట్టిదనం ఎక్కువ, మన ఊళ్ళలో ఆర్థో పేరుతో అమ్మేవాటిలో చాలావాటిని దీనితోనే చేస్తారు. ఏ ముక్కలు కలిశాయన్నది కొనేవాడికి తెలిసే అవకాశం లేదు. డెన్సిటీ లెక్క కూడా దీని దగ్గర పనిచేయదు, బరువు ఉన్నంత మాత్రాన మన్నిక ఉందని చెప్పలేం.

మిగిలింది హెచ్‌ఆర్ ఫోమ్ (హై రెసీలియెన్స్, అంటే నొక్కి వదలగానే త్వరగా పైకి లేచే ఫోమ్) అడుగున, లేటెక్స్ పైన. లేటెక్స్ రబ్బరు పాల నుంచి వస్తుంది, ఒంటికి అనుగుణంగా దిగుతుంది, లేవగానే వెంటనే పైకి వస్తుంది, వేడికి మెత్తబడదు, సూది రంధ్రాల గుండా గాలి ఆడుతుంది. ధర ఎక్కువ, బరువు ఎక్కువ. పూర్తిగా లేటెక్స్ పరుపు బడ్జెట్‌లో రాదు, అవసరం కూడా లేదు. ఒంటికి తగిలే పై పొర లేటెక్స్ అయితే చాలు.

కొలతలు, ఆర్డరు

మంచం ఆరు బై ఆరున్నర అడుగులు అని వాళ్ళు చెప్పారు. టేపు పెట్టి ఫ్రేము లోపలి వైపు మూడు చోట్ల కొలిస్తే 77.5 బై 71.5 అంగుళాలు. కింగ్ సైజుగా బజారులో దొరికే 78 బై 72 ఇందులో పట్టదు, అంచులు పైకి లేచి కూర్చుంటుంది. ఫ్రేము లోపల పావు అంగుళం చొప్పున వదులు ఉంచి ఒక్కో పరుపు 77 బై 35.5కి ఆర్డరు పెట్టాం. ఎత్తు కూడా చూడాలి. ప్లై నేల నుంచి 12 అంగుళాలు, పరుపు 8 అంగుళాలు, మొత్తం 20. కూర్చుంటే ఒకటి రెండు అంగుళాలు దిగుతుంది, ఆమె పాదాలు నేలకి ఆనతాయి. పది అంగుళాల పరుపు తీసుకుని ఉంటే ఆనేవి కావు.

కొలత ఇచ్చి చేయించే పరుపుకి వంద రాత్రుల ట్రయల్ లాంటివి చాలా చోట్ల వర్తించవు, వెనక్కి తీసుకోరు. అందుకని షాపులో పరీక్ష కచ్చితంగా చేయాలి.

పక్కకి పడుకున్నప్పుడు వెన్ను తిన్నగా ఉందో లేదో చూసే బొట్టుబిళ్ళల పరీక్ష ఇలా. మెడ కింద ఉబ్బెత్తుగా తగిలే వెన్నుపూస మీద ఒకటి, భుజాల ఎముకల మధ్య ఒకటి, నడుం దగ్గర ఒకటి, తోక ఎముక పైన ఒకటి, పల్చటి బిగువు చొక్కా మీద పెద్ద బొట్టుబిళ్ళలు అంటించాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న దిండు తల కింద పెట్టుకుని పక్కకి ఒత్తిగిలి పది నిమిషాలు పడుకోవాలి. ఇంకొకరు వెనక నుంచి, పరుపు ఎత్తులో ఫోను పట్టుకుని ఫోటో తీయాలి. నాలుగు బిళ్ళలూ పరుపుకి సమాంతరంగా ఒకే గీత మీద ఉండాలి. నడుం బిళ్ళ పరుపు వైపు వేలాడితే భుజం, తుంటి దిగడం లేదు, పరుపు గట్టిది. తోక ఎముక బిళ్ళ గీత కిందకి పోతే తుంటి మరీ దిగిపోతోంది, మెత్తది. ఆమె మూడు పరుపుల మీద తీసిన ఫోటోల్లో 5 అంగుళాల ఫోమ్ మీద 3 అంగుళాల మెత్తటి లేటెక్స్ ఉన్నదాని మీదే గీత తిన్నగా వచ్చింది. ఆయనకి వెల్లకిలా అరచెయ్యి పరీక్షలో 6 అంగుళాల 40 డెన్సిటీ మీద 2 అంగుళాల లేటెక్స్ కుదిరింది.

సాయంత్రం పని ముగించుకుని అలసటతో షాపుకి వెళ్తే ఏ పరుపైనా స్వర్గంలా ఉంటుంది. పొద్దున పదీ పదకొండు మధ్య వెళ్ళడం మంచిది. షాపులో పరిచిన పరుపు పదిమంది పడుకుని కొంత వదులై ఉంటుంది, అదే సరుకు కొత్తది ఇంటికి వచ్చాక మొదటి మూడు నాలుగు వారాలు ఇంకాస్త గట్టిగా తగులుతుంది. ఇది ముందే తెలిసి ఉంటే కంగారు పడరు.

బిల్లు మీద రాయించిన మాటలు: "మొదటి పరుపు, 77 × 35.5 × 8 అంగుళాలు. అడుగున 6 అంగుళాల 40 డెన్సిటీ హెచ్‌ఆర్ ఫోమ్, పైన 2 అంగుళాల సహజ లేటెక్స్ 75 డెన్సిటీ. రెండో పరుపు, అదే కొలత. అడుగున 5 అంగుళాల 32 డెన్సిటీ, పైన 3 అంగుళాల సహజ లేటెక్స్ 65 డెన్సిటీ. కవరుకి జిప్పు ఉండాలి." కంపెనీ పేరు, మోడల్ పేరు మాత్రమే ఉన్న బిల్లుతో తర్వాత ఏదీ నిరూపించలేం. జిప్పు లేని కవరు ఇచ్చేవాళ్ళ దగ్గర, లోపల ఏముందో చూపించని వాళ్ళ దగ్గర కొనకపోవడమే మంచిది. పరుపులు రెండూ కలిపి 32 వేలు, మంచం పని 6 వేలు.

డెలివరీ రోజు

ముందే లెక్క కట్టిన బరువులు చేతిలో ఉన్నాయి. ఒక్కో అంగుళం మందానికి 77 × 35.5 ÷ 61,000, అంటే 0.0448 ఘనపు మీటర్లు. ఆయన పరుపు: ఫోమ్ 10.8 కిలోలు, లేటెక్స్ 6.7, కవరు సుమారు 2, మొత్తం 19.5. ఆమెది: ఫోమ్ 7.2, లేటెక్స్ 8.7, కవరు 2, మొత్తం 17.9 చుట్టూ రావాలి. ఐదు శాతం అటూ ఇటూ మామూలే.

ఆయనది 19.2 తూగింది. ఆమెది 16.3. ఒకటిన్నర కిలోకి పైగా తక్కువంటే సర్దుకుపోయే తేడా కాదు. డెలివరీ కుర్రాళ్ళు ఉండగానే జిప్పు తీసి పక్క నుంచి స్కేలు పెడితే లేటెక్స్ రెండు అంగుళాలే ఉంది, ఫోమ్ ఆరు. మొత్తం మందం ఎనిమిదే కాబట్టి బయటి నుంచి తేడా కనబడదు. రెండు అంగుళాల లేటెక్స్, ఆరు అంగుళాల ఫోమ్ లెక్క వేస్తే కవరుతో కలిపి 16.4 వస్తుంది, తూకంతో సరిగ్గా సరిపోయింది. బిల్లు మీద పొరలు విడివిడిగా రాసి ఉండటంతో షాపువాళ్ళు వాదించకుండా వెనక్కి పంపి వారంలో సరైనది తెచ్చారు. రెండోసారి 17.7 తూగింది.

ఫోటోలో గీత తిన్నగా రావడానికి కారణమైన ఆ మూడో అంగుళమే రాలేదన్నమాట. తూచకపోయి ఉంటే భుజం నొప్పి తగ్గలేదని, లేటెక్స్ దండగని ఆమె అనుకునేవారు.

చుట్టి గాలి తీసి పంపిన పరుపైతే విప్పాక పూర్తి మందానికి రావడానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టొచ్చు. ఆ లోపు మందం కొలవకూడదు, బరువు మాత్రం అప్పుడే తూచుకోవచ్చు. కొత్త ఫోమ్, రబ్బరు వాసన కిటికీలు తెరిచి ఉంచితే కొద్ది రోజుల్లో పోతుంది.

రెండు పరుపుల మధ్య సందు గురించి ఆమెకి బెంగ ఉండేది. ఫ్రేము లోపల ఇరుకుగా కూర్చోవడంతో పరుపులు విడిపోవు. రెంటికీ కలిపి ఒకే ఎలాస్టిక్ ప్రొటెక్టరు, దాని మీద ఒకే దుప్పటి వేశాక సందు చేతికి తగిలినా ఒంటికి తగలదు. ఫ్రేము లేని మంచమైతే పరుపుల కింద జారకుండా ఉండే రబ్బరు జాలీ పరచాలి. ప్రొటెక్టరు నూలు టెర్రీ గుడ్డది తీసుకున్నారు. పూర్తి ప్లాస్టిక్ పొర ఉన్నది వేస్తే లేటెక్స్‌కి పెట్టిన డబ్బు వృథా, గాలి ఆడదు.

తర్వాత ఏం జరిగింది

మొదటి వారంలో ఆమెకి కొత్తగా మెడ నొప్పి మొదలైంది. పరుపు సరిపోలేదని అనుకున్నారు. తప్పు దిండుది. పాత పరుపు మీద భుజం దిగేది కాదు, చెవికీ పరుపుకీ మధ్య దూరం ఎక్కువ, ఐదున్నర అంగుళాల దిండు సరిపోయేది. ఇప్పుడు భుజం లోపలికి దిగింది, దూరం తగ్గింది, అదే దిండు తలని పైకి నెడుతోంది. జిప్పు ఉన్న దిండులోంచి కొంత దూది తీసి నాలుగు అంగుళాలకి తగ్గించాక మూడు రోజుల్లో మెడ నొప్పి పోయింది. పరుపు మారిస్తే దిండు ఎత్తు మళ్ళీ చూసుకోవాల్సిందే.

మూడో వారానికి ఆమె భుజం నొప్పితో లేవడం ఆగింది. తుంటి దగ్గర కొంచెం ఉంది, అది మోకాళ్ళ మధ్య చిన్న దిండు పెట్టుకున్నాక తగ్గింది. ఆయన బిగుతు రెండో వారానికి పావుగంటకి, ఆరో వారానికి ఐదు పది నిమిషాలకి వచ్చింది. బోర్లా పడుకున్న రాత్రుల తర్వాత ఇంకా ఎక్కువగానే ఉంటోంది. బోర్లా పడుకుంటే ఏ పరుపు మీదైనా నడుం లోపలికి వంగుతుంది, అది పరుపు తీర్చే పని కాదు. పొట్ట కింద పల్చటి దిండు పెట్టుకుంటే వంపు తగ్గుతుందని చెప్పాం, అలవాటు చేసుకుంటున్నారు. ఈ ఆరు వారాల్లో ఆయన పొద్దున నడక కూడా మొదలుపెట్టారు, కాబట్టి తగ్గినదంతా పరుపు ఖాతాలో వేయలేం. మంచం బాగుచేశాక వచ్చిన పదిహేను నిమిషాల తేడా మాత్రం నడకకి ముందుదే.

అంత డబ్బు పెట్టలేని ఇంటికి ఇదే కేసులో క్రమం వేరుగా ఉండేది: ముందు మంచం పని, తర్వాత ఆయనకి 40 డెన్సిటీ ఐదు అంగుళాల సింగిల్ పరుపు, ఆమెకి 32 డెన్సిటీది, లేటెక్స్ పై పొర ఆమె వైపు మాత్రం. ఆయన వైపు లేటెక్స్ తర్వాత ఎప్పుడైనా కలుపుకోవచ్చు.

ఇంట్లో రాసి పెట్టిన జాగ్రత్తలు కొన్నే. పొరల పరుపుని బోర్లించకూడదు, తల వైపు కాళ్ళ వైపుకి మాత్రం మార్చాలి, మొదటి మూడు నెలలు నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి. లేటెక్స్‌ని దూది పరుపులా మేడ మీద ఎండలో వేయకూడదు. ఎండ నేరుగా తగిలితే రబ్బరు పసుపెక్కి, పెళుసై, పొడి రాలుతుంది. తేమ ఆరాలంటే నీడలో ఫ్యాను కింద నిలబెట్టాలి. ఆయన చొక్కా వేసుకునేటప్పుడు రోజూ ఒకే అంచు మీద కూర్చుంటారు, ఆ అంచు ముందుగా నలుగుతుంది, తల కాళ్ళ వైపులు మారిస్తే అరుగుదల పంచుకుంటుంది. వానాకాలంలో వారానికోసారి పరుపు ఒక చివర ఎత్తి అడుగు, ప్లై రంధ్రాలు తడిగా ఉన్నాయేమో చూడాలి.

ఆరు నెలలకోసారి దారం కట్టి గుంట కొలిచి, తేదీతో ఫోటో తీసి, బిల్లుతో పాటు ఉంచమన్నాం. వారంటీ అడిగేటప్పుడు మనిషి లేనప్పుడు పడే గుంట లోతునే చూస్తారు, చాలా కంపెనీలు ఒకటి లేదా ఒకటిన్నర అంగుళం దాటితేనే ఒప్పుకుంటాయి. మరకలు పడితే చాలా కంపెనీల దగ్గర మొత్తం వారంటీయే పోతుంది, కాబట్టి ప్రొటెక్టరు లేకుండా ఒక్క రాత్రి కూడా వాడొద్దు. మొదటి ఆరు నెలల కొలతలో ఆయన వైపు 4 మిల్లీమీటర్లు, ఆమె వైపు 3.